మా ఇంటి ప్రెసిడెన్సీలో హైదరాబాదు

నేను పరీక్ష రాయకుండా కలెక్టర్ని అయినవాణ్ణి. ఒకసారి కాదు, మొదట్లో ఏడు శుక్రవారాలకు ఒకసారి, ఇప్పుడు ఎనిమిదికి ఒకసారి. ఆ రోజు నేను నీళ్ళలో చెయ్యి పెట్టను, ఉల్లిపాయ కొయ్యను, చీపురు వైపు కన్నెత్తి కూడా చూడను. వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంటాను. ఏం వండాలో చెబుతాను. వండినదాన్ని అందరికంటే ముందు తింటాను, బాగాలేకపోతే ముఖం మీదే చెబుతాను. ఈ వైభోగం గురించి మా ఆవిడకు ఫోన్లో చెబితే, "ఇంటి దగ్గర రోజూ జరిగేది అదే కదా, కొత్తేముంది" అంది. ఆమెకు నేను సమాధానం చెప్పలేదు. కలెక్టర్లు అన్నిటికీ సమాధానం చెప్పనక్కర్లేదు.

మేముండేది సౌదీ అరేబియాలోని యాన్బులో. ఎర్రసముద్రం గాలి, రిఫైనరీ మంట రెండూ తగిలేంత దూరంలో కంపెనీ మాకో ఇల్లు ఇచ్చింది. చుట్టూ ఎత్తు గోడ, లోపల సిమెంటు వాకిలి, నాలుగు గదులు, గదికి రెండు మంచాలు. మొదట్లో ఏడుగురం ఉండేవాళ్ళం. నాది అనంతపురం, ప్లానింగ్ ఆఫీసులో ఉద్యోగం. నా గదిలోనే కర్నూలాయన, ఏసీలు బాగుచేస్తాడు. పక్క గదిలో కడప ఎలక్ట్రీషియను, బళ్ళారి వెల్డరు. ఇంకో గదిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటరు, స్టోర్సులో పనిచేసే మలబారు మనిషి. చివరి గదిలో పెద్దాయన. ఆయన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజరు. ఆయన పక్కన ఎనిమిదో మంచం ఖాళీగా ఉండేది.

ఏడుగురం మంచివాళ్ళమే. వంటింట్లోకి అడుగుపెడితే మాత్రం మాకు పూనకం వచ్చేది. సీమవాళ్ళం కారం కుమ్మరిస్తామని గోదావరాయన గొణిగేవాడు. ఆయన కూరలో బెల్లమేమిటని కడపాయన కంచం పక్కకు నెట్టేవాడు. మలబారాయన కొబ్బరినూనె వాసన అందరి బట్టలకూ పట్టేది. బళ్ళారాయన కన్నడమా తెలుగా, ఏ పక్కకు లెక్క అన్నది తేలక రెండు పక్కలా తిట్లు తినేవాడు. గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర రాష్ట్రాలూ భాషలూ అన్నీ బయటికి వచ్చేవి. ఒకసారి వారం రోజులపాటు ఎవరి గిన్నె వాళ్ళు మంచం కింద దాచుకున్నాం. ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటి నాకు గుర్తు లేదు.

దానికి మందు పెద్దాయనే కనిపెట్టారు. ఒక శుక్రవారం అందరినీ వాకిట్లో కూర్చోబెట్టి, టీ పోయించి, మొదలుపెట్టారు. "సూడండి, ఇప్పుడు మనం మూడు రాష్ట్రాలోలం. మీ తాత ముత్తాతల కాలానికి ఎల్లండి. అందరూ ఒక్క గవర్నరు కిందోలే. మద్రాసు ప్రెసిడెన్సీ. గంజాం కాడి నుంచి తిన్నెవెల్లి దాకా, అటు మలబారు దాకా ఒకటే కచేరీ. ఈ ఇంట్లో ఆ ప్రెసిడెన్సీలో లేనోడు ఒక్కడున్నాడా?"

ఎవరూ లేరు. మలబారు జిల్లా అందులోదే. బళ్ళారి అందులోదే. మా సీమ జిల్లాలు, గోదావరి, పెద్దాయన తాతగారు పుట్టిన విశాఖపట్నం జిల్లా అన్నీ అందులోవే. పెద్దాయన తాతగారు తాలూకా కచేరీలో గుమాస్తా. అందుకని ఆ పరిపాలన అంతా ఆయనకు చిన్నప్పుడే కథల్లా అబ్బింది. జిల్లాకు కలెక్టరు, తాలూకాకు తాసిల్దారు, ఫిర్కాకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఊరికి మునసబు, కరణం, తలారి. ఆ పదవులన్నీ తెచ్చి మా వంటింటి మీద దించారు. తాసిల్దారు వంట చేస్తాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు బజారుకు వెళ్తాడు. కరణం కూరలు తరుగుతాడు. మునసబు గ్యాసు, నీళ్ళు, సామాను చూసుకుంటాడు. తలారి గిన్నెలు తోమి వాకిలి కడుగుతాడు. బంట్రోతు కలెక్టరు కుర్చీ వెనక నిలబడి టీ అందిస్తాడు. బంట్రోతుకు డవాలా ఉండాలి కదా, అందుకని పనిలో వేసుకునే మెరుపు జాకెట్టు నుంచి ఒక పట్టీ ఊడదీసి భుజం మీంచి ఏటవాలుగా కట్టుకోవాలి. ఏ శుక్రవారం ఏ జిల్లావాడు కలెక్టరో ఆ వరస పెద్దాయనకు నోటికే ఉంటుంది. ఆయన కూడా వరసలోనే ఉన్నారు. తలారి వంతు వచ్చినప్పుడు లుంగీ పైకి కట్టి గిన్నెల ముందు చతికిలబడేవారు. మేమే ఆయన్ని గవర్నరు అనడం మొదలుపెట్టాం.

ఇది ఎంత పిల్లకాయల ఆటలా కనిపిస్తుందో అంత బాగా పనిచేసింది. గిన్నెలు తోమమంటే పౌరుషం వచ్చే కడపాయన, "తలారీ, గిన్నెలు" అంటే నవ్వుతూ లేచేవాడు. నెలకోసారి జమాబంది అని పేరు పెట్టి ఫ్రిజ్జు తనిఖీ చేసేవాళ్ళం. మూలన ఎప్పటిదో తెలియని పెరుగు డబ్బా బయటపడితే కలెక్టరు దానికి వారసుణ్ణి విచారించి తేల్చేవాడు. గొడవలు పోయాయి. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం.

అప్పుడు ఎనిమిదో మంచానికి భాయ్ వచ్చాడు.

భాయ్ హైదరాబాదు పాతబస్తీ మనిషి. మమ్మల్ని రోజూ ప్లాంటుకు తీసుకెళ్ళే బస్సుకు డ్రైవరు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలంగాణ తెలుగు, ఫోర్‌మన్‌తో అరబ్బీ, పోలీసు కనిపిస్తే మౌనం. వచ్చిన మొదటి శుక్రవారం మా దర్బారు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత అడిగాడు. "మరి నాదేం జిల్లా పెద్దాయన? మస్తు జిల్లాలున్నయ్ గద మీ తాన. ఒకటి ఇయ్యరాదు?"

పెద్దాయన ఇబ్బందిగా కదిలారు. "మీది నిజాం గారి రాజ్యం బావూ. మా ప్రెసిడెన్సీలోది కాదు. నానెలా కలిపీగలను? మీరు అతిథి. పని చెయ్యక్కర్లేదు, కూకోని తినండి."

పని లేదంటే ఎవరికి చేదు. భాయ్ రెండు శుక్రవారాలు కాళ్ళు చాపుకుని తిన్నాడు. మూడో శుక్రవారం తాసిల్దారు కడపాయన. బిరియానీ చేస్తానని బయలుదేరి, బియ్యం మూడొంతులు ఉడికాక గరిటె పెట్టి కలపబోయాడు. భాయ్ అది చూడలేకపోయాడు. లేచి వెళ్ళి గరిటె లాక్కున్నాడు. ఆ రోజు మేం తిన్నదాన్ని అన్నం అనడానికి నాకు నోరు రావడంలేదు. కడపాయన చెయ్యి కడుక్కోకుండా చాలాసేపు వేళ్ళు వాసన చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ తర్వాత పేరుకు తాసిల్దారు ఎవరైనా, దమ్ము పెట్టేది భాయ్. తాసిల్దారు పని మూత పట్టుకోవడం.

అలా సంవత్సరాలు గడిచాయి. భాయ్ అడగడం మానలేదు. పండక్కి అడిగేవాడు, వాన పడితే అడిగేవాడు, ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే అడిగేవాడు. పెద్దాయన జవాబు మారలేదు. ప్లాంటులో పర్మిట్ లేకుండా మర కూడా తిప్పనివ్వని మనిషి ఆయన. మేమంతా ఇదొక వేళాకోళం అనుకున్నాం. ఆ కుర్చీ మీద భాయ్‌కి అంత మనసుందని నాకొక సాయంత్రం తెలిసింది.

ఆఫీసులో ఆలస్యమై నేనొక్కణ్ణే బస్సెక్కాను. ఆటపట్టిద్దామని, "రోజంతా కూర్చునే ఉంటావు కదా భాయ్, ఇంకో కుర్చీ ఎందుకు నీకు?" అన్నాను.

"ఇది సీటు భాయ్. గదైతే కుర్చీ." రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. "మా దిక్కు కలెక్టర్ను అవ్వల్ తాలూక్‌దార్ అంటుండె, నిజాం జమాన్ల. మా తాత ఆయన కచేరిల జవాను. కుర్చీ ఏసుడు, కుర్చీ తుడుసుడు, కుర్చీ ఎనక నిలబడుడు. జిందగీ మొత్తం గదే నౌకరి. ఒక్కపారి కూసోలె. అమ్మీ గీ కథ ఇప్పటికీ చెప్తది. మీరు శుక్రవారం కుర్చీ ఏస్తుంటె నాకు తాతనే యాదికొస్తడు. ఒక్కపారి కూసోని, ఒక ఫొటో దిగి, అమ్మీకి పంపాలె. గంతే."

ఇన్నాళ్ళూ నవ్వినందుకు సిగ్గేసింది.

పోయిన చలికాలంలో భాయ్‌కి ఖురూజ్ వచ్చింది. ఖురూజ్ అంటే ఇక తిరిగి రానక్కర్లేని చివరి ప్రయాణానికి వేసే ముద్ర. దాన్ని ఏడుస్తూ తెచ్చుకునేవాళ్ళని చూశాను గానీ భాయ్ మాత్రం మిఠాయి డబ్బాతో వచ్చాడు. తమ్ముడితో కలిసి హైదరాబాదులో పొద్దుటి టిఫిన్ల హోటలు పెడుతున్నాడు. చోటు దొరికింది, పెనం కూడా కొన్నారు. అందరం కావలించుకున్నాం. మిఠాయి తింటూనే భాయ్ పెద్దాయన పక్కన కూర్చున్నాడు.

"ఇంక రెండే శుక్రవారాలున్నయ్ పెద్దాయన. పోయేటప్పుడన్న ఒక్కపారి కూసుంట."

పెద్దాయన నోట్లో మిఠాయి అలాగే ఉండిపోయింది. కష్టంగా మింగి, "వరస తప్పించలేను బావూ" అన్నారు. భాయ్ నవ్వాడు. "సరే తీ" అని లేచి వెళ్ళి మిగతావాళ్ళకు డబ్బా అందించాడు.

ఆ వచ్చిన శుక్రవారం భాయ్ వంటింట్లోకి రాలేదు. బయట బస్సు కడుగుతూ ఉండిపోయాడు. గోదావరాయన తనకు తోచినట్టు బిరియానీ దించాడు. అడుగు మాడింది, పైన పచ్చి. పిలిస్తే భాయ్ వచ్చి బుద్ధిగా కూర్చుని తిన్నాడు. "మంచిగుంది" అన్నాడు.

మా చేతులు కంచాల్లో ఆగిపోయాయి. మా బిరియానీని భాయ్ బాగుందనడం మేమెన్నడూ వినలేదు. నేను ఉండబట్టలేక, "ఏం బాగుంది భాయ్, కుక్క ముట్టదు దీన్ని" అన్నాను.

"నేను మెహమాన్ గద, అతిథి. మెహమాన్ ఎట్లున్నా మంచిగుందనే అంటడు." కోపంగా అనలేదు. నీళ్ళు తాగి కంచం తీసుకెళ్ళి తనే కడుక్కున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మండితే నేను నోరు కట్టేసుకునే రకం కాదు. పెద్దాయన గదిలోకి వెళ్ళి కడిగిపారేశాను. ఎప్పుడో చచ్చిపోయిన దొరల ప్రెసిడెన్సీ కోసం ఒక బతికున్న మనిషిని బాధపెడతారా, మీకు మనసుందా అని అడిగాను. పెద్దాయన మంచం మీద కూర్చుని అంతా విన్నారు.

"అయిందేటి?" అన్నారు చివరికి. "నాకు మాత్రం ఇష్టమా? అతను నా పక్క మంచపోడు. కానీ ఈయాల అతనికోసం వరస ఇరిస్తే రేపు ఇంకోడికోసం ఇరగ్గొట్టాలి. మళ్ళా మంచాల కింద గిన్నెలు దాసుకుంటారు మీరు. మరిసిపోనారా? లోపల్నించే ఏదైనా దారి సూపించండి. నాను కాదంటే అప్పుడు తిట్టండి."

ఆయన మాటలో న్యాయం ఉంది. అది ఇంకా కోపం తెప్పించింది.

మధ్యలో ఒక సాయంత్రం సీమవాళ్ళం నలుగురం సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. రాళ్ళ మీద కూర్చుని టీ తాగుతున్నాం. రాబోయే శుక్రవారం కలెక్టరు వంతు అనంతపురానిది, అంటే నాది. నా కుర్చీ భాయ్‌కి ఇచ్చేస్తానంటే ఒప్పుకోరు. ఒక జిల్లావాడు కూర్చోకపోతే వరసలో తర్వాతి జిల్లా కూర్చోవాలి, అంతేగానీ బయటివాడికి చెల్లదు. ఎంత తల గోక్కున్నా దారి కనబడలేదు.

"యాడన్నా చిన్న తాలూకా అయినా నిజాముది మన్లో కలిసిందేమో చూడప్పా" అన్నాడు కర్నూలాయన.

ఆ మాటకు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. వాళ్ళది మనలో కలవడమేమిటి, మనమే వాళ్ళవాళ్ళం కదా! సీమలో బడికెళ్ళిన ప్రతివాడూ చదివిన పాఠమే. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు దత్తమండలాలు. వాటిని కుంపిణీ దొరలకు రాసిచ్చింది నిజామే. నలుగురం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం.

"అయితే వాపసు పోదాం" అన్నాడు బళ్ళారాయన తాపీగా. "మనల్ని ఇచ్చినోళ్ళ దగ్గరికే పోతే తప్పేముండాది?"

"నలుగురమూనా?" కడపాయన అడిగాడు.

"పోతే అందరం పోవల్ల. ఒగడు పోతే అలిగినట్లుంటాది."

రాళ్ళ మీద మేము నవ్విన నవ్వుకు పక్కన గాలాలు వేసుకుంటున్న వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఆనందంతో కూర్చోబుద్ధి కాలేదు. ఇంటిదాకా దాదాపు పరుగెత్తినట్టే నడిచాను.

శుక్రవారం భాయ్, కడపాయన జుమ్మా నమాజుకు వెళ్ళి వచ్చారు. వాకిట్లో కుర్చీ వేసి ఉంది. బంట్రోతు వంతు మలబారాయనది, డవాలా కట్టుకుని నిలబడ్డాడు. భాయ్ తన సూట్‌కేసు తూకం చూసుకుంటానని లోపలికి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నలుగురం వరసగా నిలబడ్డాం. నేను గొంతు సవరించుకున్నాను.

"గవర్నరు గారూ, అనంతపురం, కడప, కర్నూలు, బళ్ళారి. మా నాలుగు జిల్లాలూ ఈ రోజు నుంచి మీ ప్రెసిడెన్సీలో ఉండవు. మమ్మల్ని మీకు ఇచ్చింది నిజాం. మేం మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళిపోతున్నాం. ఇవాళ కుర్చీ అనంతపురానిది. అనంతపురం హైదరాబాదుది. హైదరాబాదు ఎవరిదో మీరే చూసుకోండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"నాలుగూనా?"

"నాలుగూ."

"బళ్ళారి కూడానా?"

బళ్ళారాయన ఒక అడుగు ముందుకేశాడు. "మమ్మల్ని ఒగసారి మైసూరోళ్ళకి ఇచ్చినారు సార్. అప్పుడు నన్నెవురూ అడగల్యా. ఈ తూరి నా ఇష్టంతోనే పోతాండా."

"అప్పుడు, నేను కూడా వరట్టే?" అన్నాడు మలబారాయన తన సగం తెలుగులో, రావచ్చునా అని.

"నీకూ నిజాముకూ ఏటి సంబంధం, నువ్వుండు" అని కసిరి, పెద్దాయన వాకిలంతా ఒకసారి చూశారు. ఆయన ప్రెసిడెన్సీలో ముగ్గురు మిగిలారు. వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్ళిపోయారు. ముసలాయనకు కోపం వచ్చింది, ఆట మొత్తం చెడింది అనుకున్నాను. భాయ్ కూడా, "ఎందుకు భాయ్ లొల్లి, జానేదో" అని నా భుజం తట్టాడు.

తలుపు తెరుచుకుంది. పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. ఇస్త్రీ మడతలు తెలుస్తున్నాయి. మలబారాయన దగ్గరికి వెళ్ళి డవాలా ఊడదీయించుకుని తన భుజం మీంచి ఏటవాలుగా కట్టుకున్నారు. కుర్చీ వెనక్కి వెళ్ళి నిటారుగా నిలబడ్డారు.

"దొరవారు దయచెయ్యాలి."

భాయ్ కదల్లేదు. "మజాక్ జేస్తున్నరా పెద్దాయన?"

"పర్మిటొచ్చింది. దయచెయ్యండి."

భాయ్ నెమ్మదిగా కుర్చీ దగ్గరికి వచ్చాడు. కూర్చోబోతూ అలవాటైనట్టు జేబులోంచి రుమాలు తీసి కుర్చీ చేతులు తుడవబోయాడు. పెద్దాయన ఆ రుమాలు చేతిలోంచి తీసుకున్నారు. కుర్చీ చేతులు, వీపు, పీట అన్నీ తనే తుడిచి, మడత పెట్టి రుమాలు తిరిగి ఇచ్చారు. అప్పుడు భాయ్ కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కడపాయన ముక్కు చీదుకున్నాడు. నేను ఏడ్చాను, దాచుకోలేదు.

ఫొటో తీశాను. వెనక డవాలాతో పెద్దాయన, ముందు భాయ్. అమ్మీకి పంపితే వెంటనే ఫోనే వచ్చింది. భాయ్ విని పగలబడి నవ్వాడు. "ఎవరి కుర్చీల కూసున్నవ్ రా, గాయనొస్తె నౌకరి పోతది, లేయ్ జల్ది అంటుంది." పెద్దాయన వంగి ఫోను అడిగి తీసుకున్నారు. తన వచ్చీరాని హిందీలో, కుర్చీ ఇతనిదే అమ్మా, ఆయనొచ్చేశాడు, ఆయనే ఈయన అని చెప్పారు. అటువైపు ఏమందో మాకు వినబడలేదు. పెద్దాయన చాలాసేపు "అచ్ఛా, అచ్ఛా" అంటూ తలూపారు.

ఇక వంట. బిరియానీ అంటాడనుకున్నాం. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఇన్నేండ్లు నేనే వండిన. ఇయ్యాల మీరు వండుండ్రి. ఎవరి జిల్లాది వాళ్ళు." ఒకసారి తనకు జ్వరమొస్తే కర్నూలాయన బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టాడట, అది మొట్టమొదట కావాలన్నాడు. మేము ఎగబడ్డాం. కర్నూలాయన ఉగ్గాని, దానికి జతగా నేను మిరపకాయ బజ్జీ. కడపాయన రాగి సంగటి కెలికాడు. గోదావరాయన గుత్తివంకాయ కూర చేసి, భాయ్ కోసం బెల్లం మానేశాడు. మలబారాయన చేపల పులుసులో కొబ్బరిపాలు పోశాడు. బళ్ళారాయన జొన్నరొట్టెలు తట్టాడు. ఏ పదవీ ఎవరికీ గుర్తు లేదు, అందరం తలారులమే, అందరం తాసిల్దార్లమే. పెద్దాయనకు వంటలో వచ్చింది టీ ఒక్కటే, దాన్నే మాటిమాటికీ తెచ్చి ఇచ్చారు.

భాయ్‌కి కూర్చోవడం రాలేదు. నూనె చిటపట వినిపిస్తే చాలు, సగం లేచి, "మంట తక్కువ జెయ్, మాడుతది" అనేవాడు. వెనక నుంచి పెద్దాయన భుజం మీద చెయ్యి వేసి, "దొరవారు కూకోవాలి" అనేవారు. మళ్ళీ లేచేవాడు, మళ్ళీ కూర్చోబెట్టేవారు. మొదటి ముద్ద భాయే తిన్నాడు. మేమంతా చుట్టూ నిలబడి ముఖమే చూస్తున్నాం.

"సంగటిల ఉప్పు లేదు. బజ్జీ మాడింది" అన్నాడు భాయ్.

మాకు ప్రాణం లేచివచ్చింది. మనవాడు మళ్ళీ మనవాడయ్యాడు. ఉప్పు డబ్బా తెచ్చుకుని, నవ్వుకుంటూ కంచాలు పట్టాం.

తిన్నాక భాయ్ లేచి నిలబడ్డాడు. "గవర్నర్ సాబ్, నాలుగు జిల్లాలు నేనేం జేసుకుంట? హోటల్ నడుపుకోవాలె. మా పెద్దలు ఒకపారి ఇచ్చిన్రు, నేను ఇంకోపారి ఇస్తున్న, తీసుకో. గాని ఒక షర్తు. నా మంచంల ఎవరొస్తరో, ఏ ముల్కోడొస్తడో నాకెరుక లేదు. ఎవరొచ్చినా మొదటి శుక్రవారం కుర్చీ గాయనదే. మెహమాన్ అనొద్దు."

పెద్దాయన డవాలా విప్పకుండానే తలూపారు.

విమానాశ్రయానికి భాయ్‌ని ఆయన బస్సులోనే తీసుకెళ్ళాం. తోలింది కొత్త డ్రైవరు. భాయ్ దారి పొడవునా బ్రేకు తొక్కుతున్నట్టు కాలు నొక్కుతూ, కొత్తవాడికి గేర్లు చెబుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు ఎవరూ పెద్ద మాటలు మాట్లాడలేదు. బజ్జీలోకి సోడా తక్కువ వేయమని నాకు చెప్పాడు.

కొన్ని వారాలకు ఎనిమిదో మంచానికి మనిషి వచ్చాడు. గోరఖ్‌పూర్ వైపు నుంచి వచ్చిన పైపు ఫిట్టరు, తెలుగు అక్షరం ముక్క రాదు. మొదటి శుక్రవారం వాకిట్లోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోమంటే బిక్కచచ్చిపోయాడు. తనను ఏదో తప్పుకు విచారిస్తున్నారనుకుని, కొత్త ఊరు, ఏమీ తెలియదు, ఏం చేశానని బతిమాలుకున్నాడు. విషయం చెప్పి కూర్చోబెట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కూర్చున్నాక కాస్త ధైర్యం వచ్చి, నాది ఏ జిల్లా అని హిందీలో అడిగాడు. పెద్దాయన తడుముకోలేదు. వరసలో ఇప్పుడు ఎనిమిది ఉన్నాయి. "హైదరాబాద్" అన్నారు.

అప్పుడే భాయ్‌కి వీడియో కాల్ చేశాం. హోటల్లో పెనం ముందు నిలబడి ఉన్నాడు, వెనక దోసెల పొగ. ఫోను తిప్పి కుర్చీనీ, అందులో బిగుసుకుని కూర్చున్న గోరఖ్‌పూర్ ఆయన్నీ చూపించాం. భాయ్ ముందు ఆయన్ని కులాసా అడిగాడు, సరిగ్గా ఆనుకుని కూర్చోమన్నాడు. తర్వాత మా వైపు తిరిగాడు.

"నా జిల్లాను మంచిగ చూసుకోండ్రి."

ఆ శుక్రవారం పెద్దాయన గిన్నెల వంతులో ఉన్నారు. సబ్బు నురగ చేతులతోనే లేచి వచ్చి ఫోను ముందు వంగి, "చిత్తం" అన్నారు.